రాయికి పేరుంది, మిరపకాయకి లేదు

మా మెట్టలో నేల కింద సున్నపురాయి, నేల మీద మిరప, పత్తి, సుబాబుల్. 2022 ఏప్రిల్‌లో జిల్లా పేరు ఎన్టీఆర్ అయిందిగానీ జగ్గయ్యపేట, నందిగామ వాళ్లం ఇంకా కృష్ణా జిల్లా అనే అంటుంటాం. ఇక్కడి రాయీ, ఇక్కడి కాయా రెండూ లారీలెక్కి హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదికే వస్తాయి. రాయి సిమెంటుగా మారి, బస్తా మీద కంపెనీ పేరు, గ్రేడు, తయారైన వారం అచ్చు వేయించుకుని పోతుంది. కాయ మాత్రం ఎవరి చేలో పండిందో చెప్పని గోనెలో గుంటూరు మిర్చి యార్డుకి పోతుంది. వ్యాపారం పెట్టాలనుకునే కుర్రవాళ్లు మార్కెటింగ్ అంటే ఏమిటని అడిగినప్పుడల్లా ముందు ఈ రెండు లారీలనూ చూడమంటాను.

మా దగ్గరే ఉన్న జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీ 1980ల నుంచీ నడుస్తోంది. అయినా ఒక కంపెనీ సిమెంటుకీ ఇంకో కంపెనీ సిమెంటుకీ తేడా చేతిలోకి తీసుకుని చూస్తే మనకెవరికీ తెలియదు. ఒక రకం సిమెంటు ఏ కంపెనీదైనా ఒకే ప్రభుత్వ ప్రమాణానికి లోబడి తయారయ్యేదే. పైగా ఇల్లు కట్టేది జీవితంలో ఒక్కసారి. సిమెంటు సంగతి తెలియక ఇంటాయన మేస్త్రీని అడుగుతాడు. డబ్బు ఇచ్చేది ఒకరు, నిర్ణయించేది ఇంకొకరు. ఇది కంపెనీలకి బాగా తెలుసు. అందుకే ఊరి గోడ మీద పేరు రాయించి ఊరుకోరు, మేస్త్రీలను పిలిచి సమావేశాలు పెడతారు. పచ్చళ్లు అమ్మాలన్నా, ట్యూషన్ సెంటరు పెట్టాలన్నా మొదట తేల్చుకోవలసింది ఇదే: మన దగ్గర కొనేదెవరు, కొనమని చెప్పేదెవరు? ట్యూషన్‌కి ఫీజు కట్టేది తండ్రి, చేర్చేది తల్లి, మానేసేది పిల్లవాడు. ముగ్గురితోనూ మాట్లాడాలి.

1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన పాఠ్యపుస్తకంలో మార్కెటింగ్‌ని నాలుగు మాటల్లోకి తెచ్చాడు. వస్తువు, ధర, అమ్మే చోటు, ప్రచారం. ఇంగ్లీషులో నాలుగూ ‘పీ’ అక్షరంతో మొదలవుతాయి; ఎంబీఏ చదివే పిల్లలందరూ ఇప్పటికీ వల్లించే నాలుగు ‘పీ’లు అవే. కొత్తవాళ్లలో ఎక్కువమంది నాలుగోదానితో మొదలుపెడతారు. ఫ్లెక్సీ కట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాక వస్తువు సంగతి ఆలోచిస్తారు. అదే ఏడాది థియోడర్ లెవిట్ అనే ఇంకో మార్కెటింగ్ పండితుడు హార్వర్డ్ పత్రికలో రాసిన వ్యాసం నాకు ఇంకా ఇష్టం. అమ్మేవాడి అవసరం దగ్గర మొదలైతే అది అమ్మకం, కొనేవాడి అవసరం దగ్గర మొదలైతే అది మార్కెటింగ్ అని ఆయన వాదన. మా మిరప రైతుకి ఈ సంగతి చెప్పేవాళ్లు లేకపోయారు.

రైతుకి అది తెలియాలి, ఎందుకంటే మిరపకాయ అందరికీ ఒకటే వస్తువు కాదు. తేజ రకం కారానికి పేరు. దాన్ని చైనాకి ఎగుమతి చేసేవాళ్లూ, కారపు సారం తీసే ఫ్యాక్టరీలూ కొంటాయి. బాడిగ రకంలో రంగెక్కువ, కారం తక్కువ. కూరకి ఎర్రదనం కావలసినవాళ్లు దాన్ని వెతుక్కుంటారు. ఆవకాయ పెట్టే ఇల్లాలికి రెండూ సరిపాళ్లలో కావాలి. నందిగామ పక్క పల్లెలో పుట్టి, కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరినవాణ్ణి నేను. ఏరేటప్పుడు ఆ కాయ ఎవరింటికి పోతుందో మాలో ఎవరికీ తెలియదు. రంగు తగ్గిన కాయ ఎవరికి పనికిరాదో, ఎవరికి పనికొస్తుందో కూడా తెలియదు. కొనేవాళ్లను వేరువేరు గుంపులుగా చూడటం మార్కెటింగ్‌లో రెండో పాఠం. ఆ పాఠం యార్డులో వ్యాపారికి కంఠతా వచ్చు. మచ్చు చేతిలోకి తీసుకోగానే ఇది ఏ బేరానికి పోతుందో అతను చెప్పేస్తాడు. ఆ తెలివికే అతనికి లాభం వస్తుంది.

రైతుకి ఆ తెలివి ఉన్నా సరిపోదనేది ఇందులో బాధాకరమైన సంగతి. విత్తనాలకి, ఎరువులకి, పురుగుమందులకి పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారికే కాయ తోలాలి. అంటే అమ్మే చోటు నారు పోసిన రోజే ఖాయమైపోతుంది. నాలుగు మాటల్లో ఒకటి ముందే చేజారింది. ధర మొదటినుంచీ చేతిలో లేదు. ముందటేడు రేటు చూసి అందరూ మిరపే వేస్తే ఏమవుతుందో 2017లో చూశాం. రేటు కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 5,000 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే పథకం, ఈసారి 11,781 రూపాయలు. ఆ సాయం అవసరమే, కాదనను. కాని కొనేవాళ్లెవరో తెలియని పంటకి ఆదుకునే పథకాలతోనే ఎల్లకాలం గడవదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుదామంటే ఒకవైపు అద్దె, ఇంకోవైపు వడ్డీ. ఎవరైనా ఎన్నాళ్లని ఆగగలరు?

సుబాబుల్ది ఇంకో కథ. నీళ్లు తక్కువైన మెట్టలో వేసుకోదగ్గ చెట్టు, నరికాక మోడునుంచి మళ్లీ చిగురేస్తుంది, కూలీల ఖర్చు తక్కువ. కంచికచర్ల, చందర్లపాడు వైపు ఎంతోమంది వేశారు. కొనేది కాగితం మిల్లులే, వాటి తరఫున తిరిగే వ్యాపారులే. నరికిన కర్ర ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది, కాబట్టి బేరం కోసం ఆగలేం. కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటే వస్తువు ఎంత మంచిదైనా రేటు వాళ్ల మాటే. భద్రాచలం దగ్గర మిల్లున్న ఐటీసీయే 2003లో క్లాస్‌మేట్ నోటుపుస్తకాలు తెచ్చింది. పేరుపెట్టి అడిగి కొనిపించుకునే పుస్తకం అది. కర్రకి లేని ఆ పేరులోనే ఉంది విలువ.

కొనేవాళ్లను ఎరిగిన వ్యాపారం చూడాలంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో గాజులమ్మే ఆడవాళ్లను గమనించండి. మునేటిలో స్నానం చేసి, దర్శనం చేసుకుని జనం తిరిగొచ్చే దారిలోనే వాళ్ల దుకాణాలుంటాయి. పసుపుకుంకాలు చేతికొచ్చాక గాజుల మీద మనసు పోతుందని వాళ్లకి తెలుసు. ముందు వరసలో ఆకుపచ్చ, ఎరుపు పరుస్తారు. పిల్లల సైజులు కింద, పిల్లల కంటికి ఆనేటట్టు. ఎదురుగా నిలబడిన మనిషి చెయ్యి చూసి సైజు తీస్తారు, అడగరు. చోటు, వస్తువు, కొనేవాడి మనసు ఒక్కచోట కుదిరిన వ్యాపారం అది. వాళ్లను ఏ కాలేజీ పిలిచి పాఠం చెప్పించుకోదు. చెప్పించుకోవాలని నా కోరిక.

ధర గురించి ఒక్కమాట. అయిన ఖర్చుకి కొంత కలిపితే ధర వచ్చేస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఖర్చు కింది హద్దు మాత్రమే. పై హద్దు కొనేవాడి నమ్మకం. మిల్లులో కళ్లముందు పట్టించిన కారానికి కిలోకి ఎక్కువిచ్చే ఇల్లాళ్లు జగ్గయ్యపేటలోనే ఉన్నారు. కల్తీ భయం వాళ్లచేత ఆ ఎక్కువ ఇప్పిస్తుంది. ఆ భయం తీర్చగలిగినవాళ్లు ధర చెప్పగలరు.

ఇప్పుడు చదువుకుని ఇంటికొచ్చిన మిరప రైతు పిల్లలకి నా మనవి. పంటంతా మీరే అమ్మాలని ఎవరూ అనడంలేదు. నాలుగు టిక్కీలు, అంటే నాలుగు గోనెల కాయ, ఇంట్లో ఉంచండి. తొడిమలు తీసి, ఎండబెట్టి, కారం పట్టించండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది ముందే చేయించుకోండి. ప్యాకెట్ మీద రకం పేరు, ఊరి పేరు, పట్టించిన తేదీ రాయండి. అంతకంటే ముందు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల ఇళ్లకి వెళ్లి, ఏడాదికి ఎంత కారం వాడతారో, ఏ రకం కావాలో, ఇప్పుడు కొంటున్నదాంట్లో ఏది నచ్చలేదో అడిగి రాసుకోండి. వచ్చే ఏడు ఏ రకం నారు పోయాలో ఆ కాగితం చూసి మీ నాన్నతో కూర్చుని మాట్లాడండి.