వేధింపు: శబ్దవిచారము, శాసనవిచారము

కార్యస్థానమున స్త్రీలను లైంగికముగా వేధించుటను నిషేధించు 2013వ సంవత్సరపు శాసనమును కేవలము నవీనకల్పనముగా నెంచువారు కలరు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ద్వితీయాధికరణమందలి సూత్రాధ్యక్ష ప్రకరణమును పరిశీలించినచో నీ యభిప్రాయము నిలువదు. నూలు వడకు స్త్రీలు వేకువను సూత్రశాలకు వచ్చినపుడు దీపము నూలును పరీక్షించుటకు మాత్రమే యుండవలయును. అధ్యక్షుడు స్త్రీ ముఖమును చూచినను, అన్యవిషయములు మాటలాడినను పూర్వసాహసదండము. కూలి యిచ్చుటలో కాలము గడపినచో మధ్యమదండము. చేయని పనికి కూలి యిచ్చినను నట్లే.

ఈ కడపటి విధి విచారణీయము. చేయని పనికి కూలి దొరకుట స్త్రీకి లాభమే కదా, దండ మేల యని శంక. రాజధనము వ్యర్థమగుటచేత ననుట యొక సమాధానము. కాని ముఖసందర్శన వేతనవిలంబముల సరసనే యిది పఠితమగుటచే, భయపెట్టుటయు నాశపెట్టుటయు నొక్క యధికారమునకే రెండు ముఖములని గ్రంథకర్త యెఱిగినట్లు తోచును. 2013 శాసనపు 3వ సెక్షనును నీ మార్గమునే త్రొక్కినది. లైంగికచేష్టతో గూడినపుడు, ఉద్యోగమున మేలు చేయుదునను సూచనయు, కీడు చేయుదునను బెదరింపును వేధింపే యగును.

ఇక భేదము. కౌటిల్యుడు అధ్యక్షుని క్రియను మాత్రమే కొలతగా గైకొనెను. స్త్రీ మొఱపెట్టుకొను తావు ఆ ప్రకరణమున లేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పున విధించిన మార్గదర్శకములును, పదునాఱేండ్లకు వెలసిన శాసనమును అనిష్టమైన చేష్టను వేధింపనినవి. తెలుగుపద మీ యర్థమునకు మిక్కిలి యనుకూలము. వేధ శబ్దమునకు గ్రుచ్చుట యర్థము. కర్ణవేధమున నిది ప్రసిద్ధము. గ్రుచ్చినవాని యుద్దేశ మేదైనను, నొప్పి నెఱుగునది గ్రుచ్చబడిన మేనే. కావున పరిహాసమునకు మాత్రమే యంటిననుట సమాధానము గాజాలదు.

శబ్ద మింత సుస్థితమైనను, విధి యొకచోట కొఱవడినది. పదుగురు, అంతకు మించి పనివారున్నచోట యజమాని అంతర్గత సమితిని నెలకొల్పవలెను. అంతకు తక్కువయైనచో జిల్లాలోని స్థానిక సమితియే దిక్కు. అంతర్గత సమితిని నియమించిన యుత్తర్వును నలుగురికి కనబడునట్లు ప్రదర్శింపుమని 19వ సెక్షను యజమానిని ఆదేశించుచున్నది. స్థానిక సమితి జాడను ప్రదర్శింపుమని యాదేశింపలేదు. హైదరాబాదున చిక్కడపల్లి దుకాణమునగాని, నారాయణగూడ చికిత్సాలయమునగాని నలుగురైదుగురితో పనిచేయు స్త్రీకి కావలసినది ఆ జాడయే. అశోక్‌నగరమున పోటీపరీక్షల శిక్షణకు వచ్చు యువతి యుద్యోగిని కాకున్నను శాసనపరిధిలోనిదే. బాధితురాలు ఉద్యోగినియే కావలెనను నియమము లేదు. ఈ సంగతి యామెకు తెలియుట యెట్లు? ఫిర్యాదునకు గడువు మూడు నెలలు. తగిన హేతువున్నచో మఱి మూడు నెలలు. జాడ వెదకుటలోనే గడువు కడచిపోవచ్చును.

కావున నియమము సవరింపబడవలెను. పనివారు పదుగురికి తక్కువైన ప్రతిస్థలమునను స్థానిక సమితి యుండు చోటును, గడువును తెలుపు ఫలకము సులభమైన తెనుగున నుండవలెను. అట్టి తెనుగును కూర్చియిచ్చుట పండితులకు తగిన పని.