‘జూలూ’ చిత్రంలో ఇంజనీరు: ఒక పరిశీలన

1879 జనవరి 22న నేటాల్ సరిహద్దున రోర్క్స్ డ్రిఫ్ట్ వద్ద జరిగిన యుద్ధాన్ని సై ఎండ్‌ఫీల్డ్ 1964లో ‘జూలూ’ అనే చిత్రంగా తీశారు. మనలో చాలామంది చూసిన చిత్రమే. డ్రాకెన్స్‌బర్గ్ కొండల అందము, జూలూ వీరుల పాట, స్టాన్లీ బేకర్ నటన ప్రశంసనీయములు. అయితే కథానాయకుడైన లెఫ్టినెంట్ జాన్ చార్డ్ సైనిక ఇంజనీరు. ఆయన పనిని చిత్రం ఎంత నిజంగా చూపిందో ఇక్కడ విచారిద్దాము.

చిత్రంలో చార్డ్ వంతెన కట్టడానికి వస్తాడు. నిజానికి ఆయన వచ్చింది బఫెలో నదిపై సైన్యాన్ని దాటించే బల్లకట్లను బాగుచేయడానికి. ఆ పగలే ఇసాండ్‌ల్వానాలో బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా మరణించారు. ఆ వార్త రాగానే, పారిపోతే దారిలోనే చిక్కుతామని, ఇక్కడే గోడ కట్టి నిలవాలని గట్టిగా చెప్పినవాడు ఆహార సామగ్రి శాఖకు చెందిన జేమ్స్ డాల్టన్. ఆ ఘనతను చిత్రం ఆయనకు ఇవ్వలేదు.

మొక్కజొన్న బస్తాలతో గోడ లేచింది. బస్తాలు మోసినవారిలో బ్రిటిష్ కొలువులోని ఆఫ్రికన్ సైనికులు కూడా ఉన్నారు. దాడికి ముందే వారు వెళ్లిపోయారు. మిగిలినవారు సుమారు 150 మంది. అంత పొడవు గోడను కాయడం వారి తరం కాదు. చార్డ్ వెంటనే బిస్కట్ పెట్టెలతో ఆవరణ మధ్యగా అడ్డుగోడ కట్టించాడు. ఆసుపత్రి తగలబడినప్పుడు దాని వెనుకకే అందరూ చేరారు. మూడు నాలుగు వేల మంది ఎదుట రాత్రంతా నిలిపింది ధైర్యంతోపాటు ఈ లెక్క. చిత్రంలో గోడ కనబడుతుంది గాని తుపాకుల మోతలో లెక్క వినబడదు. ఇది మొదటి లోపము.

రెండవది ఇంకా పెద్దది. చివర జూలూలు కొండపై నిలిచి శత్రువులకు వందనగీతం పాడడం కల్పన. యుద్ధం ముగిశాక గాయపడి పడివున్న జూలూలను చంపిన సంగతి మాత్రం చిత్రంలో లేదు. చార్డ్ నివేదిక 351 జూలూ శవాలను లెక్కించింది. గెలిచినవారిలో 11 మందికి విక్టోరియా క్రాస్ పతకాలు వచ్చాయి, పేర్లు నిలిచాయి. అవతలివారికి లెక్క మాత్రమే మిగిలింది.

1860లో ట్రూరో ఓడ దిగిన మన పెద్దలు, తర్వాత వచ్చినవారు, ఆ యుద్ధం నాటికి ఇదే నేటాల్‌లో చెరకు నరుకుతున్నారు. వారూ రిజిస్టరులో అంకెలుగా ఉన్నవారే. కనుక మోసినవాని పేరు, చచ్చినవాని పేరు అడగడం మనకు తగిన పని. చిత్రాన్ని పిల్లలకు చూపుదాము. చూపి, గోడ ఎవరు కట్టమన్నారు, బస్తాలు ఎవరు మోశారు, గాయపడినవారు ఏమయ్యారు అని వారిచేత అడిగిద్దాము.