తెలిసిన కథనే మళ్లీ చెప్పే విద్య

1975 జనవరిలో వచ్చిన 'దీవార్'లో విజయ్ దగ్గర ఒక బిళ్ల ఉంటుంది. బొంబాయి రేవులో కూలీలకిచ్చే నంబరు బిళ్ల. దాని మీద అంకె 786. ముస్లింలకు ఆ అంకె ఎంత పవిత్రమో తోటి పనివాడు రహీం చాచా చెబుతాడు. దేవుడి మీద అలిగి గుడి మెట్లెక్కడం మానేసిన విజయ్, ఆ బిళ్లను మాత్రం ఒంటి మీద నుంచి తీయడు. ఒకసారి తుపాకీ గుండు దానికి తగిలి ఆగిపోతుంది, ప్రాణం దక్కుతుంది. చివర్లో పారిపోతుండగా అదే బిళ్ల చెయ్యిజారి పడిపోతుంది. అతను దాన్ని అందుకోలేకపోతాడు. వెంటాడుతున్న పోలీసు తమ్ముడి తూటా తగులుతుంది.

అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ వివరించరు. బిళ్ల జారగానే హాల్లో జనానికి తెలిసిపోతుంది, ఇక ఇతను బతకడని. 'దీవార్' అనగానే అందరూ తల్లి గురించీ, వంతెన కింద అన్నదమ్ముల వాదన గురించీ మాట్లాడతారు. నన్నడిగితే సలీం-జావేద్ రాసిన ఆ కథను మొదటి నుంచి చివరిదాకా మోసింది ఆ బిళ్లే.

పల్నాడులో పుట్టినవాడికి ఇది కొత్త సంగతి కాదు. మా పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు బొంగరం ఆడుతుంటే అది పోయి ఒక ఆడమనిషి కాలికి తగులుతుంది. ఆమె నొప్పితో నోటికొచ్చినట్టు తిడుతుంది. కార్యమపూడిలో పెద్దలు యుద్ధానికి దిగుతుంటే ఇక్కడ నీకు ఆటలా అంటుంది. కొడుకు చెవిన పడకుండా ఐతాంబ దాచిన వార్త అలా బయటపడుతుంది. పసితనమూ యుద్ధమూ ఒక్క బొంగరం మీద తిరిగిపోతాయి. పాడేవాడు ఆ బొంగరాన్ని మామూలు ఆటవస్తువులా తీసుకొచ్చి, మన చేతిలో పెట్టి, సమయం చూసి విసురుతాడు.

నా జీవితమంతా హిందీ సినిమాను ఇష్టపడటానికి కారణం వెతికితే ఇక్కడికే వచ్చి ఆగుతాను. కథ తెలియనివాడికి చెప్పడం ఒక విద్య. తెలిసినవాడికి మళ్లీ చెప్పి కదలకుండా కూర్చోబెట్టడం అంతకన్నా పెద్ద విద్య. మా వీరగాథ బతికింది ఆ రెండో విద్య వల్లనే. హిందీ సినిమా తన మంచిరోజుల్లో నేర్చిందీ అదే.

నరసరావుపేటలో మా ఇంట్లో హిందీ వచ్చింది నాన్నకు ఒక్కడికే, అదీ హిందీ ప్రచార సభ పరీక్షల పుణ్యాన. అమ్మకు ఒక్క ముక్క రాదు. వివిధభారతిలో పాట వినగానే అది విరహమో వేడుకో ఠక్కున చెప్పేసేది. దూరదర్శన్లో ఆదివారం సినిమా వస్తుంటే నాన్న పక్కన కూర్చుని మాట మాటకూ అర్థం చెప్పబోయేవాడు. "మీరు ఊరుకోండి, తెలుస్తూనే ఉందిగా" అనేది అమ్మ. భాష రానివాళ్లకు కూడా తెలిసేటట్టు కథ నడపడం వెనక ఎంత లెక్క ఉందో, ఎంత పనితనం ఉందో చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు పట్టుబడలేదు.

ముగింపు ముందే చెప్పేయడం ఆ పనితనంలో మొదటిది. 'దీవార్' మొదలయ్యేదే కొడుకు పతకాన్ని అందుకోవడానికి తల్లిని వేదిక మీదికి పిలిచే సభతో. మెహబూబ్ ఖాన్ 'మదర్ ఇండియా' (1957) కూడా అంతే. ముసలి రాధ మట్టిగడ్డను చేతిలోకి తీసుకుని మొహానికి ఆనించుకుని ఉంటుంది. ఊళ్లోకి కాలువ వచ్చింది, నువ్వే ప్రారంభించాలని జనం ఆమెను అడుగుతారు. ఆమె బతికి ఉందనీ, ఊరికి నీళ్లొచ్చాయనీ మనకు తెలిసిపోయింది. ఇక మూడు గంటలూ మనం చూసేది ఒక్కటే: ఆ నీళ్ల కోసం ఏమేం పోయాయో. ఆడపిల్లను ఎత్తుకుపోతున్న సొంత కొడుకును తల్లే కాల్చేస్తుంది. ఆ తర్వాత కథ మళ్లీ కాలువ దగ్గరికి వస్తుంది, తలుపు ఎత్తగానే పారే నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి.

ఈ దృశ్యం మా వైపు ఎలా తగులుతుందో వేరే చెప్పాలా? నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. 'మదర్ ఇండియా' వచ్చేనాటికి దానికి రెండేళ్లు కూడా నిండలేదు. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ చేతుల మీదుగా. ఈ పక్క జవహర్ కాలువ పారేదాకా పల్నాడంటే జొన్నకూడు, నాపరాళ్లు, వానకోసం ఎదురుచూపు. జొన్నన్నం తినలేక శ్రీనాథుడంతటివాడు ఇక్కడ విసుక్కున్నాడని చెప్పుకుంటాం. అలాంటి నేల మీద, కాలువ కింద మొదటి వరిపంట చూసినవాళ్లకు, రాధ మొహానికి ఆనించుకున్న మట్టిగడ్డ ఎవరూ విప్పి చెప్పాల్సిన సంకేతం కాదు.

రెండోది ఆపి ఉంచడం. 'దీవార్' వచ్చిన సంవత్సరమే, 1975 ఆగస్టు 15న వచ్చిన 'షోలే'లో ఠాకూర్ భుజాల మీద శాలువా ఎప్పుడూ కప్పి ఉంటుంది. అంతకుముందే, పాత కథలో, అతను పోలీసు ఆఫీసరుగా రైలు మీద తుపాకీ పట్టుకుని పోరాడటం చూపించారు. అంటే చేతులు చూశాం, ఇప్పుడు శాలువా చూస్తున్నాం, తేడా మనసుకు తట్టదు. హోలీ రోజు బందిపోటు గబ్బర్ ఊరిమీద పడ్డప్పుడు తుపాకీ ఠాకూర్ కాళ్ల దగ్గరే పడి ఉంటుంది. అతను రప్పించుకున్న జై, వీరూ ప్రాణాపాయంలో ఉంటారు. అయినా అతను వంగి తీసి ఇవ్వడు. జనానికి కోపం వస్తుంది. ఆ కోపాన్ని వీరూ చేత అడిగించి, అప్పుడు కుటుంబం మొత్తం పోయిన కథ చెప్పి, గబ్బర్ కత్తి ఎత్తిన క్షణం నుంచి వర్తమానంలోకి తెచ్చి, గాలికి శాలువా జారుస్తారు. ప్రశ్న పుట్టిన చోటుకూ జవాబు దొరికిన చోటుకూ మధ్య ఎంత దూరం ఉండాలో కొలిచి రాసిన ఘట్టమది.

ఆ కార్యమపూడే ఈనాటి కారెంపూడి. అక్కడ కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఈ కొలతే కనిపిస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. పల్లెపల్లె నుంచి జనం వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వీర్ల గుడికి వస్తారు. వీరవిద్యావంతులు పంబజోడు, తిత్తి, తాళాలతో కథ పాడతారు. నాగులేటి ఒడ్డున ఎవరెవరు పడిపోయారో అక్కడ కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. అందుకే పాడేవాడు ఎవరు గెలిచారన్నదాని మీద మన ఆసక్తిని ఖర్చు పెట్టడు. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే చోట, భార్య మాంచాల ఇంటి గడప దగ్గర, కథను నిలబెట్టేస్తాడు. అమెరికా పండితుడు జీన్ రోగేర్ ఈ పాటను విని, రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశాడు. శ్రీనాథుడి పేరుతో ద్విపద ఉన్నా, నోటికథకు ఉన్న ఊపిరి వేరని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

పాట సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. హిందీ సినిమాలో పాటలు కథకు అడ్డమని విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక పరీక్ష పెడతాను: పాట తీసేసి చూడండి, కథ విరిగితే అది పాట, విరగకపోతే అలంకారం. విజయ్ ఆనంద్ 'గైడ్' (1965)లో రోజీ దేవదాసి కూతురు, నాట్యం ఒదులుకుని పెళ్లి చేసుకున్నది, మొగుడు రాళ్లూ గుహలూ పట్టుకుని తిరుగుతుంటాడు. ఒకరోజు బజారులో గజ్జెలు కొనుక్కుని కట్టుకుంటుంది. అప్పుడు వచ్చే పాటకు శైలేంద్ర రాసిన మాటలకు ఎస్.డి. బర్మన్ కట్టిన వరస మామూలు పద్ధతిలో మొదలవదు. ముందు పల్లవి, తర్వాత చరణం అన్నది అలవాటు. ఇక్కడ చరణం ముందొస్తుంది. కట్లు తెంచుకుని వచ్చిన మనిషి పద్ధతి ప్రకారం మొదలుపెట్టదు కదా. పాట ముందుకు సాగేసరికి ఆమె చిత్తోడ్ కోట గోడల మీద ఉంటుంది. ఏ సంభాషణా చెప్పలేని నిర్ణయాన్ని వరసల క్రమమే చెప్పేసింది. ఈ పాట తీసేస్తే రోజీ ఎప్పుడు మారిందో మనకు తెలియదు.

ఆ రోజీ వేషం వేసిన వహీదా రెహ్మాన్‌ను జనం మొదట గుర్తుపెట్టుకుంది తెలుగు సినిమాలోనే. తాపీ చాణక్య 'రోజులు మారాయి' (1955)లో కొసరాజు రాసిన ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి ఆమె. ఆ సినిమా ఆడుతున్న రోజుల్లోనే గురుదత్ కంట పడి బొంబాయి వెళ్లింది. మాస్టర్ వేణు కట్టిన ఆ వరస కూడా ఆగలేదు, 1960లో 'బంబయి కా బాబూ'లో బర్మన్ దాన్ని వాడుకున్నాడు.

ఇంకా దగ్గరి ముడి ఎల్.వి. ప్రసాద్. ఏలూరు దగ్గర సోమవరప్పాడు మనిషి. మొదటి హిందీ టాకీ 'ఆలం ఆరా' (1931)లోనూ, మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ చిన్న వేషాలు వేశాడు. 'పల్నాటి యుద్ధం' తీస్తూ గూడవల్లి రామబ్రహ్మం 1946లో కన్నుమూస్తే, దాన్ని పూర్తి చేసింది ఆయనే. కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1947లో విడుదలైంది. మా కథను తెరకెక్కించిన ఆ చేతులే పదేళ్ల తర్వాత రాజ్ కపూర్, మీనా కుమారిలతో 'శారద' (1957) తీశాయి, తర్వాత 'ఛోటీ బహన్' తీశాయి. 'మూగమనసులు'ను ఆదుర్తి సుబ్బారావు చేతనే 'మిలన్' (1967)గా తీయించిందీ ఆయనే. పడవలో కొత్త దంపతులకు పోయిన జన్మ గుర్తుకురావడంతో మొదలయ్యే కథ అది. గోదావరి పోయి గంగ వచ్చింది, గౌరి వేషంలో జమున మాత్రం రెంటిలోనూ ఉంది. ముగింపు ముందే తెలిసిపోయిన కథను ఉత్తరాదివాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా ఆదరించారు.

కాకతాళీయాల మీద కూడా చదువుకున్నవాళ్లకు చిన్నచూపు ఉంది. మన్మోహన్ దేశాయ్ 'అమర్ అక్బర్ ఆంథోనీ' (1977)లో ముగ్గురు మంచాల మీద పడుకుని ఒకేసారి రక్తమిస్తుంటే, మూడు గొట్టాల్లోంచి వచ్చిన రక్తం ఒకే సీసాలో చేరి ఒకే మనిషికి ఎక్కుతుంది. ఏ డాక్టరూ ఒప్పుకోడు. ఆమె తమ కన్నతల్లి అని ఆ ముగ్గురికీ తెలియదు, మనకు తెలుసు. ఒకడు హిందువుగా, ఒకడు ముస్లింగా, ఒకడు క్రైస్తవుడిగా పెరిగారు. వాళ్లు విడిపోయింది పంద్రాగస్టు రోజున, గాంధీ విగ్రహం దగ్గర. మా వీరగాథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడన్నప్పుడు ఆ చాప పొడవెంతని మనం అడగం. ఆ సీసా గురించి కూడా నేను అడగను.

అన్నీ ఇలా ఉన్నాయని కాదు. ఎనభైలలో మన సినిమాలే వరసపెట్టి హిందీకి వెళ్లాయి. 'ఊరికి మొనగాడు' 'హిమ్మత్‌వాలా' (1983) అయింది, బాగా ఆడింది కూడా. కానీ వాటిలో చాలా పాటలు నా పరీక్షకు నిలబడవు, ఎక్కడ తీసినా కథకు నష్టం లేదు. పద్ధతి మిగిలి, పద్ధతి వెనకున్న అవసరం పోయింది. ఇప్పటి సినిమాలది మరో బాధ. చివరి మలుపు ఎక్కడ బయటపడిపోతుందోనన్న భయంతో కథ చెబుతారు. ఒక్కసారి చూశాక మళ్లీ చూడటానికి ఏమీ ఉండదు. 'దీవార్'ను నేను ఎన్నిసార్లయినా చూడగలను.

స్క్రీన్‌ప్లే నేర్చుకోవాలని హైదరాబాదు బయలుదేరే మా పల్నాటి పిల్లలు నన్నడిగితే చెప్పేదొకటే. ముందు కార్తీకంలో రాయబారం రోజున కారెంపూడిలో కూర్చోండి. అలరాజు రాయబారిగా గురజాల వెళతాడు. విషం తిని చర్లగుడిపాడు దగ్గర ప్రాణం విడుస్తాడు, భార్య పేరిందేవి ఆ గురజాల ఏలే నలగామరాజు కూతురే. ఇదంతా వినేవాళ్లకు ముందే తెలుసు. ఆ ప్రయాణాన్ని విద్యావంతుడు ఎక్కడ తొందర చేస్తున్నాడో, ఎక్కడ ఆపుతున్నాడో, ఎవరి మాట దగ్గర పాటలోకి వెళ్లి ఎవరి మాట దగ్గర వచనంలోకి దిగుతున్నాడో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టుకుని 'షోలే' చూడండి.