గాంధీ–గోరా సంవాదము: విశ్వాసమునకొక పరీక్ష

ఆస్తిక, నాస్తిక శబ్దముల అర్థము సర్వకాలములందును ఒక్కటిగా లేదు. పాణినీయ సంప్రదాయము ననుసరించి పరలోకము కలదని తలచువాడు ఆస్తికుడు, లేదని తలచువాడు నాస్తికుడు. మనుస్మృతిలో వేదనిందకుడు నాస్తికుడైనాడు. ఈశ్వరుడు లేడనువాడే నాస్తికుడను వాడుక తరువాత బలపడినది. వేదప్రామాణ్యమును ప్రాణముగా నెంచిన కుమారిలభట్టు జగత్కర్తయగు ఈశ్వరుని శ్లోకవార్తికమున నిరాకరించెను. అయినను సంప్రదాయము ఆయనను ఆస్తికులలోనే లెక్కించినది. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుని స్థాపింపబూనినప్పుడు ప్రతిపక్షుల వాదములను ముందు నిలిపి పిదప సమాధానము చెప్పెను. పూర్వపక్షమును బలముగా చెప్పలేనివాని సిద్ధాంతము దుర్బలమని శాస్త్రకారు లెరుగుదురు. కాలక్రమమున ఈ పద్ధతి పుస్తకములకే పరిమితమైనది. సజీవుడైన మనుష్యుడు పూర్వపక్షిగా ఎదుటికి వచ్చినప్పుడు విశ్వాసి చెవులు మూసికొనుట అలవాటైనది. అట్లు మూసికొనని సందర్భమొకటి తెలుగువారి చరిత్రలో కలదు. అది గాంధీ–గోరా సంవాదము.

గోరా యను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్రమును బోధించిన అధ్యాపకులు. నాస్తికాభిప్రాయముల కారణమున 1933లో కాకినాడలో ఉద్యోగమును కోల్పోయిరి. 1940లో కృష్ణా మండలమునందలి ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడ సమీపమునందలి పటమటకు మార్చిరి. గాంధీతో తమకు గల పరిచయమును ‘ఏన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ యను చిన్న ఆంగ్లగ్రంథమున వర్ణించిరి. నవజీవన్ సంస్థవారు 1951లో దీనిని ప్రచురించిరి. సంభాషించిన ఇరువురిలో ఒకరు గతించిన పిమ్మట రెండవవారు వ్రాసిన గ్రంథమిది. కావున ఇందలి గాంధీవాక్యముల నక్షరశః గ్రహించుట కంటె వాని తాత్పర్యమును గ్రహించుట మేలు. అయినను గ్రంథకర్త తనకు ప్రతికూలమైన దానిని దాచలేదు. 1941లో గోరా దర్శనము కోరగా, నాస్తికత ఆత్మనిరాకరణమనియు, గోరాకు లభించిన విజయము ఆయన చేయు సేవవలన కలిగినదే యనియు, మాటలాడుటకు తనకు తీరిక లేదనియు గాంధీ వ్రాసిన జాబు ఇందు చేర్చబడినది. ఆ జాబులో నాస్తికుని వాదమును వినకయే తీర్పు చెప్పిన విశ్వాసి కనిపించును.

1944లో సేవాగ్రామమున తొలి సమావేశము జరిగినది. దైవరహితునితో ఏమి మాటలాడవలెనని గాంధీ పరిహాసముగా ప్రారంభించిరి. తాను దైవరహితుడను గాననియు, నాస్తికుడననియు గోరా బదులిచ్చిరి. రెంటికి భేదమేమని గాంధీ అడిగిరి. గ్రంథమునకంతటికి ఇదియే కీలకస్థానము. తన నోట వెడలిన మాటకు ఎదుటివాని అర్థమేమని అడుగుట స్వల్పవిషయముగా తోచవచ్చును. 1941 నాటి జాబులో లేనిది ఇదియే.

గోరా సృష్టివాదమును గాని ప్రమాణచర్చను గాని ఎత్తుకొనలేదు. 1943 నాటి వంగ క్షామమున కలకత్తా వీధులలో తాము చూచిన దృశ్యమును చెప్పిరి. మిఠాయి దుకాణముల ముందరనే ఆకలిగొన్నవారు నేలకూలి మరణించిరి. అదే స్థలమున ఆకలిగొన్న ఎద్దో కుక్కయో ఉన్నచో దెబ్బలు తినియైనను నోటికందిన దానిని తినియుండెడిది. వేలకొలది జనులు చేయి చాపకయే ఏల మరణించిరి? పోలీసుభయము దీనికి చాలిన కారణము కాదనియు, తమ స్థితి దైవనిర్ణయమను భావమే వారి చేతులను కట్టివేసినదనియు గోరా వాదము. నాస్తికతను గూర్చి తెలుగునాట వెలువడిన అనేక ఖండనగ్రంథములకంటె ఈ ఒక్క ప్రశ్న బలవత్తరమైనది. దేవుడు కలడా లేడా యని కాక, నీ విశ్వాసము నిన్ను ఏమి చేయించుచున్నది, ఏమి చేయనీయక ఆపుచున్నది యని ఇది అడుగును.

అయితే గోరా కల్పించిన కార్యకారణసంబంధము సంపూర్ణముగా నిలువదు. దీర్ఘకాలపు ఆకలిచే శరీరమున సత్తువ నశించును. తరతరముల దారిద్ర్యము అణకువను నేర్పును. ఈ రెండును దైవభావనతో నిమిత్తము లేకయే మనుష్యుని నిశ్చేష్టుని చేయగలవు. అంతకుమించి, దైవవిశ్వాసము చేతులను కట్టివేయునన్నచో ప్రభుత్వమును ధిక్కరించి పలుమారులు చెరసాల కేగిన విశ్వాసి గోరా యెదుటనే కూర్చుండియుండెను! గాంధీ ఈ సమాధానము చెప్పి వాదము గెలువవచ్చును. చెప్పినట్లు గ్రంథమున లేదు. గోరా మాటలలో తనకొక ఆదర్శము కనబడుచున్నదనియు, తన ఆస్తికత సరియని గాని గోరా నాస్తికత తప్పని గాని చెప్పజాలననియు, ఇరువురును సత్యాన్వేషకులే యనియు మాత్రమే అనిరి. దేవుడే సత్యమను పూర్వవాక్యమును సత్యమే దేవుడని తిరుగవేసిన వ్యక్తికి ఈ మాట కొత్తది కాదు. కాని ఒక సిద్ధాంతమును ప్రకటించుట వేరు, దాని మూల్యమును చెల్లించుట వేరు.

కన్నడదేశమున ఈ పరంపరకు చేరినవారు హెచ్. నరసింహయ్య (1920–2005). ఈయన ఖద్దరు ధరించిన గాంధేయులు, భౌతికశాస్త్రాచార్యులు. బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా ఉండి 1976లో మహిమలను పరిశోధించుటకు సంఘము నేర్పరచి తీవ్రవిమర్శకు గురియైరి. ఆ దశకముననే, 1978లో, నగరమునకు దక్షిణమున కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామభూములలో 332 ఎకరములలో ఎలక్ట్రానిక్ సిటీ వెలసినది. నేడచ్చట వేలకొలది తెలుగువారు ఇంజనీర్లుగా జీవించుచున్నారు. తాము వ్రాసిన ప్రోగ్రాము ఎక్కడ విఫలమగునో తామే వెదకుట వారి వృత్తిధర్మము. లోపమును చూపినవానిని అక్కడ శత్రువనరు. ఆయుధపూజనాడు కంప్యూటరునకు కుంకుమ పెట్టుట చూచి నవ్వు హేతువాదులు కలరు. ఆ నవ్వు వ్యర్థము. ఆ కుంకుమవలన ఎవరికిని హాని లేదు. పరీక్ష పెట్టవలసిన తావు వేరు. ఆ ఇంజనీరే కుమార్తెకు సంబంధము చూచునప్పుడు కులము, గోత్రము, జాతకము ప్రశ్నింపరాని సంగతులగుచున్నవి. యంత్రమునకు పెట్టిన పరీక్ష ఇంటి గడప దాటదు. గోరా ప్రశ్న తగులవలసినది ఇక్కడ.

గాంధీకిని అది వివాహవిషయముననే తగిలినది. గోరా తమ పెద్దకుమార్తె మనోరమను హరిజనయువకుడైన అర్జునరావున కిచ్చుటకు నిశ్చయించిరి. గాంధీ సేవాగ్రామమున ఆ వివాహమును తామే జరిపింప నంగీకరించిరి. అచ్చటి వివాహవిధిలో వధూవరులు దైవసాక్షిగా ప్రమాణము చేయవలెను. నాస్తికుల యింటి బిడ్డచే అట్టి ప్రమాణము చేయించుట అసత్యము. వారి కొరకు వివాహమును మానుకొనుట అన్యాయము. గాంధీ ‘దైవము’ను తొలగించి ఆ స్థానమున ‘సత్యము’ను ఉంచుట కంగీకరించిరి. ప్రార్థన విడువని విశ్వాసి తన విధిలోని మాటను మార్చెను. నాస్తికుడు ఆ విశ్వాసి ఆశ్రమముననే బిడ్డ పెండ్లికి సమ్మతించెను. 1948 జనవరి 30న గాంధీ హతులైరి. ఆ మార్చి నెలలో, ఆయన లేని సేవాగ్రామముననే, మనోరమార్జునరావుల వివాహము జరిగినది.