రోజూ అడిగే మనుషులు

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు నిండినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక బ్యాంకు చుట్టూ తిరిగే పని తగ్గింది. 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించినా చాలు. అలా ప్రభుత్వం ఏడాదికోసారి మన బాగోగులు కనుక్కుంటుంది. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటే, మిగతా రోజుల్లో కనుక్కునేదెవరు? మా ఊళ్లో ఆ పని పెన్షనర్ల సంఘం చేస్తోంది.

సాయంత్రమయ్యేసరికి సంఘం భవనంలో ఒక పక్క పేపర్లు, ఒక పక్క చదరంగం, క్యారమ్స్. డీఏ బకాయిల ఊసెత్తకుండా ఎవరూ ఇంటికి వెళ్లరు. చూసేవాళ్లకు ఇదంతా కాలక్షేపంలా కనిపిస్తుంది. నా మటుకు నాకు ఇది బీపీ మాత్రంత అవసరం.

పదవీ విరమణ నాడు దండ వేసి, శాలువా కప్పి, కారులో ఇంటిదాకా దిగబెడతారు. కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. తర్వాత గడ్డం గీసుకోవడం వాయిదా పడుతుంది. ఇంట్లో మాటలు మందులు, కూరల దగ్గరే ఆగిపోతాయి. సంఘానికి వెళ్లాలంటే మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, నాలుగు వీధులు నడవాలి, పేపరు చదువుకుని రావాలి, గిట్టని అభిప్రాయాన్నీ ఓపిగ్గా వినాలి. ఒంటికీ బుర్రకీ ఒకేసారి పని పడుతుంది.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, పడిపోకుండా నిలదొక్కుకునేందుకు, కండరాల బలానికి వారంలో 3 రోజులైనా కసరత్తు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం ఇంట్లో ఒక్కరమే ఎన్నాళ్లు చేస్తాం? నలుగురితో కలిస్తే సాగుతుంది. మానేస్తే మర్నాడు "నిన్న రాలేదేం మాస్టారూ?" అని అడుగుతారు. రెండో రోజూ రాకపోతే ఎవరో ఒకరు ఇంటికే వస్తారు. జ్వరమొచ్చినా, షుగర్ పడిపోయినా అలాగే బయటపడుతుంది.

ఇలాంటి చోటును నిలబెట్టడానికి నేర్పు కావాలి. వచ్చిన ప్రతి మనిషికీ ఒక పని ఉండాలి. ట్రెజరీలో చేసినాయన కొత్తవాళ్ల కాగితాలు సరిచూస్తారు. రిటైరైన నర్సమ్మ బీపీ చూస్తారు. చూపు మందగించినవాళ్లకు టీచరుగారు పేపరు చదివి వినిపిస్తారు. తనతో పని ఉందని తెలిసిన మనిషి మంచం పట్టుకుని ఉండడు. కులం గొడవలు, పార్టీల తగాదాలు గుమ్మం బయటే విడిచి రావాలన్న కట్టుబాటు కూడా అంతే ముఖ్యం.

కలిసి ఉండడం వల్ల ఏం ఒరుగుతుందో పెన్షనర్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. రక్షణ శాఖలో పనిచేసి రిటైరైన డి.ఎస్. నకారా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు కామన్ కాజ్ అనే సంస్థ కూడా ఆ కేసులో పిటిషనరుగా నిలిచింది. పెన్షన్ దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. ఏటా ఆ తేదీనే పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం.

అయితే ఆ రోజు జరిగే సభల్లో ముందు వరసలన్నీ మగవాళ్లవే. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న అక్కయ్యలు, పిన్నిగార్లు లైఫ్ సర్టిఫికెట్ పని ఉన్ననాడు వస్తారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు. చాలామందికి ఇంట్లో మాట్లాడే తోడు ఉండదు. సంఘం అవసరం అందరికన్నా వాళ్లకే ఎక్కువ. చీకటి పడ్డాక జరిగే సమావేశాలకు, సరైన బాత్రూమ్ లేని భవనానికి వాళ్లు ఎలా వస్తారు?

సంఘాల పెద్దలకు నా విన్నపం ఇదే. సమావేశాలు నాలుగింటికి మార్చండి. చందా డబ్బుతో ముందుగా ఆడవాళ్లకు బాత్రూమ్ కట్టించండి. కార్యవర్గంలో వాళ్లకు పేరుకు ఒక కుర్చీ వేయడంతో సరిపెట్టకుండా కోశాధికారి బాధ్యత అప్పగించండి. ఇన్నేళ్లూ తమ ఇళ్ల జమాఖర్చులు నడిపింది వాళ్లే.