ఋతుభ్రంశము – కారణవిచారము

ఆంధ్ర మహాభారతమున అరణ్యపర్వమందలి ఋశ్యశృంగోపాఖ్యానము మన పాఠకులకు సుపరిచితము. అంగరాజైన రోమపాదుడు అపరాధమొనర్చెను; వానలు నిలిచిపోయెను; ప్రజలు కరవువాత బడిరి. రాజు తన తప్పిదము నెఱిగి, దానిని సరిదిద్దుకొని, మునికుమారుని తన దేశమునకు రప్పించిన పిదపనే మేఘము వర్షించెను. ఈ కథను నమ్ముట, నమ్మకుండుట యటుండనిండు. ఇందొక విశేషము గలదు. కరవు వచ్చినపుడు దానికి కారణమేమని యడిగిన సమాజము యొక్క కథ యిది. ఆ ప్రశ్నను సింహాసనము దాక కొనిపోవుటకు ఆ కథకుడు జంకలేదు.

కాలక్రమమున ఆ ప్రశ్న మన సాహిత్యమునుండి తొలగినది. వానలు ఋతుపవనముల గతిని బట్టి కురియుననియు, తుపానులు సముద్రజలముల వేడిమి వలన పుట్టుననియు తెలిసికొంటిమి. రాజు నిర్దోషి యయ్యెను. అది జ్ఞానవికాసమే, సందేహము లేదు. కాని నేటి శాస్త్రము మరల మనుష్యుని వైపు వ్రేలు చూపుచున్నది. భూమి వేడెక్కుటకు ప్రధానకారణము మానవుడు కాల్చిన బొగ్గు, చమురు, సహజవాయువు. అతడు నరికిన యడవులు. కావున 'ఎవరి వలన?' అను ప్రాతప్రశ్న క్రొత్త యర్థముతో తిరిగి వచ్చినది.

ఈ ప్రశ్నకు సాహిత్యమేమి సమాధానమిచ్చుచున్నదని విచారించిన గ్రంథములలో శ్రీ అమితావ ఘోష్ రచించిన 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' ప్రముఖమైనది. ఆయన షికాగో విశ్వవిద్యాలయమున 2015లో చేసిన ఉపన్యాసములు దీనికి మూలము. 2016లో గ్రంథరూపమున వెలువడినది. 'మహా మతిభ్రమ' యని దీని పేరును తెలుగు చేసికొనవచ్చును. ఆంగ్లమున రచనలు సాగించి జ్ఞానపీఠ పురస్కారము నందిన ప్రథముడు ఘోష్ గారు. నవలాకారుడే నవలను బోనులో నిలువబెట్టిన గ్రంథమగుటచే దీనికి విలువ హెచ్చినది. గంజాము తీరమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారము దీనిని పఠించి, పరీక్షించుటకు మనకు ప్రత్యేక కారణము గలదు. దానిని ముందు ముందు వివరింతుము.

గ్రంథము మూడు భాగములు: కథలు, చరిత్ర, రాజకీయములు. మొదటి భాగమున ఆయన వాదమిది. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో రూపు దిద్దుకొనిన నవల నిత్యజీవితమును, సంభావ్యమైన దానిని మాత్రమే స్వీకరించినది. అరుదైనది, అనూహ్యమైనది నవలకు వెలియైపోయినది. 1978 మార్చి 17న ఢిల్లీ నగరమున తన కన్నుల యెదుట చెలరేగిన సుడిగాలిని, తాను ఏ నవలలోను వాడుకొనలేకపోయితినని ఆయన చెప్పుచున్నారు. చదువరి నమ్మడను భయమే అందులకు కారణము. ఫ్లాబేరు 'మదాం బొవరీ'ని, బంకించంద్రుని 'రాజ్‌మోహన్స్ వైఫ్'ను ప్రక్కప్రక్కన నుంచి, ఆ కాలపు వర్ణనాపద్ధతి మన దేశమునకు ఎట్లు దిగుమతి యయ్యెనో చూపిన పుటలు విమర్శకు మేలైన యుదాహరణములు.

ఈ భాగముననే హెన్రీ పిడింగ్టను ప్రసక్తి వచ్చును. కలకత్తాకు సమీపమున మాతలా నదీతీరమున క్యానింగు రేవును నిర్మింపదలచినపుడు, అది తుపానువాత బడునని 1853లో ఆయన హెచ్చరించెను. అధికారులు వినలేదు. 1867లో తుపాను వచ్చి ఆ రేవును పాడుచేసెను. 'సైక్లోన్' అను మాటను సృష్టించినవాడు ఈ పిడింగ్టనే. 1839 నవంబరులో యానాము చెంతనున్న కోరంగి రేవును ముంచిన తుపానును గూర్చియు ఆయన పరిశోధించెను. ప్రపంచమంతయు నేడు వాడుచున్న ఆ మాట వెనుక మన గోదావరి ముఖమున మునిగిన యొక రేవు కథ కూడ ఉన్నదన్నమాట. ఆ రేవు మన నవలలలోనికి రాకపోవుట ఘోష్ గారి వాదమునకు బలము చేకూర్చును.

అయినను ఆయన తీర్పును మేము యథాతథముగా నంగీకరింపజాలము. ప్రకృతివైపరీత్యము సాహిత్యమునుండి బహిష్కృతమైనదనుట ఆంగ్లనవలకు సరిపోవచ్చును, తెలుగునకు సరిపోదు. విద్వాన్ విశ్వము గారి 'పెన్నేటి పాట' కరవునే కథావస్తువుగా గొన్న కావ్యము. నీరింకిన పెన్న యొడ్డున బ్రతుకునీడ్చు రంగడు, గంగమ్మ అందలి ప్రధానపాత్రలు. సత్యము శంకరమంచి గారి 'అమరావతి కథలు' వరదతోనే ఆరంభమగును. వరద తాకిడికి సమసిన భేదములు, నీరు తీసిన పిమ్మట మరల తలయెత్తుటను ఆయన కొద్ది పుటలలో చిత్రించిరి. కరవు, వరద, తుపాను మన రచయితలకు అనూహ్యములు కావు. అవి మన యింటి చుట్టములు.

మరి మన సాహిత్యమునకు లోటు లేదా? కలదు. అది ఘోష్ గారు చెప్పిన చోట లేదు. మన రచనలలో ఆపద యున్నది, ఆర్తి యున్నది, మానవత్వమున్నది, కారణము లేదు. వరద వచ్చినది, పోయినది. వాన రాలేదు, వచ్చు సంవత్సరము రావచ్చును. ఋతుచక్రము ఒకసారి తప్పినను మరల తన గాడిలో పడునను విశ్వాసము ఈ రచనలన్నిటికి పునాది. ఆ రచయితల కాలమున ఆ విశ్వాసము సహేతుకమే. అందుకు వారిని తప్పు పట్టరాదు. కాని ఆ పునాదియే నేడు కదలినది. నేటి రచయిత ఆ విశ్వాసముతోనే కథ వ్రాసినచో, అది అందమైన కథ కావచ్చును గాని సత్యమైన కథ కాజాలదు.

కారణవిచారమున గ్రంథము యొక్క రెండవ భాగము మిక్కిలి విలువైనది. బొగ్గుపులుసు గాలి భూమి వేడిమిని పట్టి యుంచునని శాస్త్రజ్ఞులు ఎఱుగుట నిన్న మొన్నటి మాట కాదు. స్వీడను దేశీయుడైన అరీనియస్ 1896లోనే దీనికి లెక్క కట్టెను. హవాయి ద్వీపమున మౌనాలోవా పర్వతముపై 1958లో కీలింగు కొలతలు ప్రారంభించునాటికి వాతావరణమున ఈ వాయువు పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళుండెను. నేడది 420 దాటినది. 2024వ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామికయుగమునకు పూర్వమున్న దానికంటె 1.5 డిగ్రీలు మించినదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. తెలియక చేసితిమని చెప్పుకొనుటకు ఈ శతాబ్దమునకు వీలు లేదు.

పెట్టుబడిదారీ విధానమే ఈ అనర్థమునకు మూలమని పలువురు చెప్పుదురు. ఘోష్ గారు దానితోపాటు సామ్రాజ్యవాదమును లెక్కలోనికి దెచ్చిరి. బర్మాలో యెనాంజాంగ్ ప్రాంతమున ఆంగ్లేయులు రాకముందే చమురు తీయుచుండిరి. బొంబాయిలో వాడియాలు మేటి నౌకలు నిర్మించుచుండిరి. ఆసియా దేశముల పారిశ్రామికాభివృద్ధిని సామ్రాజ్యము అణచివేయుట వలన, ఈ విపత్తు కొంత ఆలస్యముగా వచ్చినదని ఆయన ఊహ. ఇది వినుటకు ఇంపైన మాట కాదు. మనకు జరిగిన అన్యాయమే భూమికి ఊపిరి పీల్చుకొను వ్యవధి నిచ్చినదనుట ఎవరికి రుచించును? కాని ఋజువర్తనము గల విమర్శకుడు దీనిని దాటవేయరాదు.

ఇచ్చట న్యాయాన్యాయముల లెక్కను స్పష్టముగా చెప్పుట యుక్తము. ఇంతవరకు గాలిలో కలిసిన బొగ్గుపులుసు గాలిలో సుమారు నాలుగవ వంతు అమెరికా సంయుక్తరాష్ట్రములది. ప్రపంచజనాభాలో ఆఱవ వంతుకు మించిన భారతదేశపు పాలు నూటికి నాలుగు పాళ్ళ లోపు. ఇది ఒక సత్యము. ఏటేట విడుచు మొత్తమున భారతదేశము నేడు ప్రపంచమున మూడవది. ఇది రెండవ సత్యము. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచువారును, రెండవదానిని చెప్పి మొదటిదానిని మఱచువారును గలరు. రెంటిని ఒక్క చేత పట్టుకొనుటయే కష్టము. ఘోష్ గారు ఆ కష్టమునకు వెఱవలేదు. గ్రంథమునకు ఇదియే శిరోభూషణము.

మూడవ భాగమున ఆయన 2015లో వెలువడిన రెండు పత్రములను పోల్చి చూచిరి. ఒకటి ప్యారిస్ ఒడంబడిక; రెండవది పోపు ఫ్రాన్సిస్ వెలువరించిన 'లౌదాతో సి' అను లేఖ. మొదటిదాని భాష దాపరికముతో నిండినదనియు, రెండవదాని భాష తేటగా నుండి, దరిద్రుల గోడును భూమి గోడును కలిపి విన్నదనియు ఆయన నిరూపించిరి. శైలిని బట్టి శీలమును గుర్తించిన ఈ విమర్శ ప్రశంసనీయము. కాని పిమ్మట ఆయన ప్రభుత్వముల పట్ల ఆశ వదలి, మతసంస్థల వైపు మొగ్గుట మాకు సమ్మతము కాదు. అందులకు మన తీరమే సాక్ష్యము.

1999 అక్టోబరులో రెండు తుపానులు ఒడిశాను తాకినవి. మొదటిది గోపాల్‌పురము వద్ద తీరము దాటినది; అక్టోబరు 29న పారాదీపు వద్ద వచ్చిన మహాతుపానులో సుమారు పదివేలమంది మరణించిరి. తరువాతి కాలమున రాష్ట్రము తుపాను రక్షణగృహములు కట్టినది. హెచ్చరికలు గ్రామగ్రామమునకు చేరు మార్గము లేర్పరచినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను అదే గోపాల్‌పురము వద్ద తీరము దాటినపుడు లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మృతులు పదులలోనే యుండిరి. ఇది మంత్రమహిమ కాదు, పరిపాలనాదక్షత. సమాజము నేర్చుకొనగలదని ఈ పదునాలుగేండ్లు ఋజువు చేసినవి. మానవుడు మతి భ్రమించినాడను పేరు ఈ కథకు చెల్లదు.

అయినను ఈ విజయగాథకు అవధులున్నవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. కడలియొడ్డున ప్రజలు జాగ్రత్తపడిరి. కాని దూరముననున్న గజపతి జిల్లా కొండలలో కొండచరియలు విరిగిపడి గిరిజనులు ప్రాణములు గోలుపోయిరి. నేర్చిన పాఠము తీరమునకు సరిపోయినది, కొండకు సరిపోలేదు. మఱియు రక్షణగృహము ప్రాణమును కాపాడును గాని పొలమున నిండిన ఉప్పునీటిని తోడివేయజాలదు. పోయిన వలను, పడవను తెచ్చి యీయజాలదు. ఫలితమునుండి తప్పించుకొనుట వేరు. కారణమును తొలగించుట వేరు. మొదటిదానిలో మనము గెలిచితిమని రెండవదానిని మఱచినచో, రోమపాదుడు ప్రాయశ్చిత్తము మాని గొడుగులు పంచిపెట్టినట్లగును.

ఇక ముందు చెప్పుదుమన్న ప్రత్యేక కారణము. ఋషికుల్యా నది సముద్రమున కలియు చోట, తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు ఇసుకతిన్నెల చెంత, పొదంపేట యను పల్లె యుండెను. ఒడియావారు నోలియాలని పిలుచు తెలుగు మత్స్యకారులు దాని నివాసులు. సముద్రము ఇండ్లను ఒకదాని వెంట నొకటి కబళింపగా, వారు ఆ పల్లెను విడిచి లోపలి భూమికి తరలవలసివచ్చినది. ఒక తెలుగు పల్లె పటములో నుండి తొలగినది. దీనిని గూర్చి మన సభలలో ఎన్ని ప్రసంగములు జరిగినవి? మన సంచికలలో ఎన్ని కథలు వచ్చినవి?

ఇట్టి పల్లెను గూర్చి వ్రాయువాడు సముద్రమట్టము పెరిగినది, ఊరు మునిగినది అని ముగించినచో అది కూడ అసత్యమే. తీరము కోతకు కారణమొక్కటి కాదు. వేడెక్కిన సముద్రము ఉబ్బుట దూరపు కారణము. దాని వేళ్ళు పరదేశముల పొగగొట్టములలో, నేడు మన పొగగొట్టములలోను గలవు. తీరము వెంబడి ఇసుక నడకను అడ్డగించు కట్టడములు, నదులపై ఆనకట్టలు, నరికివేయబడిన మడ యడవులు దగ్గరి కారణములు. ఒడ్డుననే గుడిసె వేసికొనక తప్పని పేదఱికము మూడవ కారణము. అన్నిటిని వాతావరణముపై త్రోయుట దగ్గరి దోషులకు అనుకూలము. అన్నిటిని స్థానికులపై త్రోయుట దూరపు దోషులకు అనుకూలము. నివేదికలు ఈ మూడింటిని మూడు శాఖలకు పంచివేయును. మూడింటిని ఒక్క గుడిసెలో, ఒక్క కుటుంబపు బ్రతుకులో కలిపి చూపగలది కథయే. అందుచేతనే సాహిత్యము నుండి మేము కారణము నడుగుచున్నాము.

కారణమును చెప్పుమనుటచే కథను ఉపన్యాసముగా మార్చుమని మా యభిప్రాయము కాదు. ఋశ్యశృంగోపాఖ్యానము వేయేండ్లు నిలిచినది ధర్మోపదేశము వలన కాదు, కథాబలము వలన. అది రాజును దూషింపలేదు. రాజు చేసిన పనికిని, ఎండిన చేనికిని నడుమనున్న దారిని మాత్రము చూపినది. నేటి రచయిత చూపవలసినదియు ఆ దారియే. ఘోష్ గారి గ్రంథము ఆ దారి మొదలెక్కడనో చక్కగా చెప్పినది. అది మన వాకిటికి ఎట్లు చేరినదో చెప్పుట మన భాషలో వ్రాయువారి బాధ్యత.

మన సంఘములు ప్రతియేట సంచికలు ప్రకటించుచున్నవి. అవధానములు, నాటకములు జరుపుచున్నవి. అవి జరుగవలసినవే. వాటితోపాటు తీరమునుండి తరలిన వృద్ధుల నోట గాలులకు, పోటుపాటులకు, చేపలకు నున్న పేర్లను వ్రాసియుంచు పనిని కూడ మనము చేపట్టవలెను. ఎన్నడు సముద్రమెంత దూరముండెను, ఏ యేట ఏ వీధి పోయినది అను విషయములు వారికి తెలిసినంతగా మఱెవరికిని తెలియవు. ఊరు పోయిన పిదప ఆ మాటలు ఒక తరము మాత్రమే నిలుచును. ఆ తరము ఇంకను మన మధ్యనే యున్నది.