ఇళయరాజాకు వరుస పెట్టడం

రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో ఏది ముందు, ఏది వెనక అని ప్రపంచమంతా వాదించుకుంటుంది. మన దగ్గర ఆ వాదన ఇళయరాజా కేసెట్ల మీద నడిచింది, ఇంకా నడుస్తోంది. శంషాబాద్ దగ్గరి మంఖాల్‌లో మేం నలుగురం కలిస్తే మాట చివరికి అక్కడికే చేరుతుంది.

వరుస పెట్టేటప్పుడు నేను సినిమాని పక్కన పెట్టేస్తాను. తెర లేకుండా, ఏ పాటా దాటెయ్యకుండా, ఒకే బిగిన మొత్తం వినాలి. శంషాబాద్‌లో దిగే విమానాల రొదలో వయొలిన్ల కింద నడిచే బేస్ గిటార్ వినపడదు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. ఆ బేస్ వినకపోతే ఇళయరాజాని సగమే విన్నట్టు. గాయకుడు ఒక పాట పాడుతుంటే అడుగున అది ఇంకో పాట పాడుతుంటుంది.

ఇలా వింటే నాకు 'గీతాంజలి' (1989) మొదటిది. చావు దగ్గరపడ్డ ఇద్దరి కథ అది. అందులోని ఒక యుగళగీతానికి ఆయన గుండె చప్పుడునే తాళం చేశారు. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) కూడా గుండె చప్పుడుతో మొదలై దానితోనే ముగుస్తుంది. అక్కడ అది ఆల్బమ్ మొత్తాన్ని చుట్టిన కట్టు. ఇక్కడ ప్రేమకీ ప్రాణభయానికీ అదే లయ. చిత్ర పాడిన వాన పాటలోని తుళ్లింత కూడా ఈ చప్పుడు విన్నాక బరువెక్కుతుంది. పాటలు ఒకదాన్నొకటి ఇలా మార్చినప్పుడే దాన్ని ఆల్బమ్ అంటాను.

తెలుగు సినిమాలకు ఆయన అందుకున్న జాతీయ పురస్కారాలు రెండు: 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988). గాయకుడు బాలు గారికి కూడా తెలుగులో ఈ రెండింటికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి, అంతకుముందు 'శంకరాభరణం'కి వచ్చింది. నా వరుసలో రెండు, మూడు చోట్లు ఈ రెండింటివే, వాటిలో 'రుద్రవీణ'ని ముందుంచుతాను. సంగీతం ఎవరికోసమన్న తండ్రీకొడుకుల తగువే అందులో కథ. సిరివెన్నెల మాటలూ రాజా స్వరాలూ ఆ తగువుని పాటల్లోనే తేలుస్తాయి. 'సాగరసంగమం' బాణీలు నాట్యం కోసం పుట్టినవి, కళ్లు మూసుకుంటే కమల్ అడుగులు లేని లోటు తెలుస్తుంది. ఈ మాటకి మా వాళ్లు నామీద విరుచుకుపడతారు.

నాలుగోది ఆత్రేయ రాసిన 'అభినందన'. ఐదో చోటికి 'సితార', 'జగదేకవీరుడు అతిలోకసుందరి' పోటీపడుతున్నాయి. ఈ వారం 'సితార' వైపే మొగ్గుతున్నాను, జానకి గారికి జాతీయ పురస్కారం తెచ్చిన ఆ గోదావరి పాట కోసం.